సంకల్పము నిలుచు మార్గము

శివరాత్రినాడు పూనిన నియమము ఉగాది నాటికి సడలిపోవుట పెక్కు గృహములలో కనిపించు విషయమే. సడలినంతనే మానవుడు ‘నాకు మనోబలము లేదు’ అని తన్ను తాను నిందించుకొని, ప్రయత్నమునే విడిచిపెట్టును. ఈ నింద ఎంతవరకు న్యాయమో విచారింతము.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ సంగతి చూడుడు. ఆ కొండలలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరుగు కాఫీ మొక్కలకు చలికాలములో కోత సాగును. ఒకే కొమ్మపై ఎర్రని పండ్లును, పచ్చి కాయలును కలిసియుండును. కొమ్మను దూసినచో బుట్ట త్వరగా నిండును. కాని పచ్చికాయలు కలిసినచో రుచి చెడును. అందుచే మేలైన గింజ కోరు గిరిజన రైతు పండినవానినే ఏరి, మిగిలినవానికై మరల మరల వచ్చును. కాయ కాయకును ఆలోచించుచు నిలిచినచో కోత సాగదు. ‘ఎర్రనైనచో కోయవలెను, పచ్చిదైనచో విడువవలెను’ అను ముందటి నిర్ణయమే చేతిని నడుపును.

మెదడు తీరును ఇట్టిదే. నుదుటి వెనుకనున్న భాగము దూరపు ఫలమును తలచి తక్షణపు కోరికను అదుపు చేయును. లోతున నున్న బేసల్ గాంగ్లియా అను భాగము పలుమారు చేసిన పనిని అలవాటుగా మార్చును. అలవాటైన పనికి ఆలోచనాశ్రమ తగ్గును. ‘ఇది జరిగినచో ఇది చేయుదును’ అని ముందే నిశ్చయించుకొనుట ఎంత మేలో జర్మనీ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించెను.

స్నానానంతరము లింగార్చన చేయు గృహస్థుడు ‘నేడు చేయుదునా, మానుదునా’ అని తర్కింపడు. స్నానమే పూజకు పిలుపు. అట్లే బాలుడు ‘బాగుగా చదువుదును’ అనుటకంటె ‘దీపము పెట్టినంతనే పుస్తకము తెరతును’ అనుట మేలు. చుట్ట మానదలచినవాడు ‘భోజనము కాగానే చుట్ట తలపునకు వచ్చినచో లేచి నాలుగడుగులు నడతును’ అని నిశ్చయించుకొనవలెను.

అలవాటు కుదురుటకు కాలము పట్టును. లండనులో ఫిలిప్పా లాలీ బృందము జరిపి, 2010లో ప్రచురించిన పరిశీలనలో అది కొందరికి 18 దినములలోను, కొందరికి 254 దినములకును కుదురునని అంచనాకు వచ్చిరి; నడిమి లెక్క 66 దినములు. నడుమ ఒక్కమారు తప్పినంత మాత్రమున అలవాటు చెడలేదనియు తేలినది.

కావున నియమము ఒకనాడు తప్పినవానిని పెద్దలు దూషింపరాదు, తానును కుమిలిపోరాదు. మరునాడు అదే వేళకు, అదే పనితో తిరిగి మొదలిడుటయే సంకల్పమును నిలుపు మార్గము.