గుండె పంపుతో ఇంటికి వచ్చాక

"సిస్టర్, నాన్న చేతికి నాడి దొరకడం లేదు!" గుండె పంపు పెట్టించుకున్నవారి ఇంట్లో మొదట కలిగే భయం ఇదే. కంగారుపడకండి. ఈ పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తూనే ఉంటుంది. అందువల్ల చాలామందిలో నాడి చేతికి తగలదు. మామూలు బీపీ మిషను కూడా సరిగా చూపకపోవచ్చు. మనిషి మాట్లాడుతున్నారా, ఒళ్ళు వెచ్చగా ఉందా, ఛాతీకి చెవి ఆనిస్తే పంపు శబ్దం వినిపిస్తోందా చూడండి.

పంపు గుండె జబ్బును నయం చేయదు, బలహీనమైన గుండెకు సాయపడుతుంది. చిక్కులు రావచ్చు. వాటిని ముందుగా కనిపెట్టగలిగేది ఇంట్లో ఉన్న మీరే.

1. తీగ దగ్గర చీము: పొట్టలోంచి బయటకు వచ్చే తీగ ఎప్పుడూ లాగుడు పడకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, నేర్పిన విధంగానే కట్టు మార్చండి. పసుపు, నూనె, పౌడరు పెట్టవద్దు. చెరువులో, కాలువలో స్నానం వద్దు. ఎరుపు, నొప్పి, చీము, జ్వరం ఉంటే అదే రోజు చూపించండి.

2. రక్తస్రావం: రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేస్తారు. దాని మోతాదు ఐఎన్ఆర్ పరీక్షను బట్టి డాక్టరే మారుస్తారు. మలం తారులా నల్లగా వచ్చినా, ముక్కు నుండి రక్తం ఆగకపోయినా వెంటనే చెప్పండి. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు, కండకు ఇంజెక్షన్లు వద్దు. ఆకుకూరలు మానక్కరలేదు, వారం వారం ఒకే మోతాదులో పెట్టండి.

3. గడ్డలు, పక్షవాతం: మూతి వంకర, మాట తడబాటు, కాలు చేయి పడిపోవడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగవద్దు. మూత్రం ముదురు టీ రంగులో వస్తే పంపులో గడ్డ ఉండవచ్చు.

4. నీరు చేరడం: రోజూ ఉదయం బరువు చూసి రాయండి. వారంలో రెండు కిలోలకు పైగా పెరిగినా, కాళ్ళు వాచినా, ఆయాసం వచ్చినా ఫోన్ చేయండి. గుండె కుడిభాగం అలసిపోతోందేమో చూడాలి.

5. కరెంటు: రెండు బ్యాటరీలను ఒకేసారి తీయవద్దు. ఒకటి మార్చి, బిగిశాకే రెండోది ముట్టుకోండి. ఛార్జి చేసిన అదనపు జత, అదనపు కంట్రోలరు బయటకు వెళ్ళినా వెంట ఉండాలి.

అలారం మోగితే తీగల కలయికలు, బ్యాటరీలు చూసి ఆసుపత్రికి ఫోన్ చేయండి. మనిషి స్పృహ లేకుండా, ఊపిరి సరిగా తీయకుండా ఉండి, పంపు శబ్దం కూడా ఆగితే, ఒకరు తీగలు సరిచూస్తుండగా మరొకరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. 108కి కబురు చేయాలి.

ఈ పనులు ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకోండి. ఒక్కరే రాత్రింబవళ్ళు మెలకువగా ఉండలేరు కదా!