రైబోజోమ్: కణంలోని చిన్న ఫ్యాక్టరీ



తొమ్మిదో తరగతి పిల్లలకు రైబోజోముల పాఠాన్ని నేను మార్కాపురం పలకల ఫ్యాక్టరీతో మొదలుపెడతాను. ఆర్డరు చీటీలో రాసిన కొలతకే పలక కోస్తారు. కణంలోనూ అంతే. కేంద్రకంలోని డి.ఎన్.ఎ. నుంచి ఆర్.ఎన్.ఎ. అనే చీటీ బయటికి వస్తుంది. రైబోజోమ్ దాన్ని చదివి, అమైనో ఆమ్లాలను వరుసగా కూర్చి ప్రోటీన్ తయారుచేస్తుంది.

కణం చేసే పనిని బట్టి వీటి సంఖ్య, చోటు మారతాయి. ఇన్సులిన్‌ను తయారుచేసి బయటికి పంపే క్లోమ కణాల్లో ఇవి అంతర్జీవ ద్రవ్యజాలానికి అంటుకుని కిక్కిరిసి ఉంటాయి. కణం తన కోసం వాడుకునే ప్రోటీన్లు చాలావరకు కణద్రవ్యంలో విడిగా ఉన్న రైబోజోముల దగ్గర తయారవుతాయి. పక్వమైన ఎర్ర రక్తకణంలో మాత్రం రైబోజోములే ఉండవు. పాడైన ప్రోటీన్ స్థానంలో కొత్తది చేసుకోలేని ఆ కణం సుమారు 120 రోజులే బతుకుతుంది.

"సార్, బ్యాక్టీరియాకూ రైబోజోములు ఉంటాయి కదా! వాటిని ఆపే మందు మనవాటిని ఎందుకు ఆపదు?" అని ఒక అమ్మాయి అడిగింది. బ్యాక్టీరియా రైబోజోమ్ 70ఎస్ రకం, మన కణద్రవ్యంలోనిది 80ఎస్ రకం. నిర్మాణంలో తేడా ఉంది. పైగా టెట్రాసైక్లిన్ మందులు బ్యాక్టీరియా లోపలికే ఎక్కువగా చేరి, అక్కడి రైబోజోమ్‌ను పట్టుకుని పని ఆపేస్తాయి. ఇష్టం వచ్చినట్టు మాత్రలు కొని వాడితే, ఆ మందును రైబోజోమ్ నుంచి తోసేసే ప్రోటీన్‌ను తయారుచేసే బ్యాక్టీరియాలే మిగిలి పెరుగుతాయి. అందుకే డాక్టరు రాసిన మందే, చెప్పినన్ని రోజులూ వాడాలి.

ఈ మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. 1948లో లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చింది. దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. అక్కడ పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రైబోజోమ్ నిర్మాణాన్ని వివరించిన వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టీట్జ్, అడా యోనాథ్‌లకు 2009లో నోబెల్ వచ్చింది.

సుబ్బారావు అమెరికా వెళ్లి చదవడానికి అండగా నిలిచినవాటిలో కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. ఆనాటి దాతలకు రైబోజోమ్ అనే పేరే తెలియదు. ఒక కుర్రాడి చదువు ఆగకూడదని మాత్రమే వారికి తెలుసు.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయిని పదో తరగతితో ఆపేద్దామనుకున్నారు ఇంట్లో. మీ సాయంతో ఇప్పుడు ఇంటర్ బైపీసీ చదువుతోంది.