బట్టమేక పిట్ట నేల

విశాఖపట్టణమున గాజువాక చెంత ఆటోనగర్ అను పారిశ్రామికవాడ కలదు. అచట లారీల మరమ్మతు షెడ్లు, లేతు యంత్రములు, వెల్డింగు దుకాణములు బారులు తీరి యుండును. సమ్మెట మ్రోతలు, బండ్ల రొద ఎల్లప్పుడును వినవచ్చుచుండును. ఆ వాడలో ఒక మేస్త్రీ కలడు. ఇంజను విప్పకయే, దాని చప్పుడు విని లోపమెచట నున్నదో చెప్పగల నేర్పరి. ఆయన కుమారుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఆ బాలునకు పక్షులన్న మిక్కిలి మక్కువ. బట్టమేక పిట్టను కన్నులార చూడవలెనని వాని కోరిక. ఒక సంక్రాంతి సెలవులలో తండ్రి వానిని రైలులో నంద్యాలకును, అటనుండి మిడుతూరు మండలమునందలి రోళ్ళపాడునకును తీసికొనిపోయెను.

రోళ్ళపాడు వన్యప్రాణి అభయారణ్యము 1988లో ఏర్పడినది. అరణ్యమని పేరే గాని అచట దట్టమైన చెట్లు లేవు. కనుచూపుమేర గడ్డి, అక్కడక్కడ ముళ్ళపొదలు, అంచున శనగ చేలు, జొన్న చేలు. దారి చూపుటకు ఆ ప్రాంతపు వృద్ధుడొకడు తెల్లవారకముందే వచ్చెను. అతడు మాటాడక ముందు నడచుచుండెను. తండ్రీకొడుకులు వెంట నడచిరి.

కొంతదూరము పోయిన పిమ్మట బాలుడు నిరుత్సాహపడి, "నాన్నగారూ! ఇది వట్టి బీడు వలె నున్నది. ఇచట చెట్లు నాటిన ఎంత బాగుండును!" అనెను.

వృద్ధుడు ఆగి, "నాయనా! బీడు అన్న ఆ మాటయే ఈ నేలకు చేటు తెచ్చినది. ఒక్క నిమిషము కదలక నిలిచి వినుము" అనెను.

మొదట గాలి సవ్వడి తప్ప మరేమియు వినరాలేదు. క్రమముగ భరతపక్షి పాట వినవచ్చెను. అది గడ్డిలోనుండి పాడుచునే నింగికెగసి, మరల నేలపై వ్రాలెను. అంతలో దూరమున తీతువు పిట్ట గోలచేసెను. "అది మనలను చూచి అరచుట లేదు. అచట నక్క పోవుచుండవలెను" అని వృద్ధుడు చెప్పెను. అట్లే ఒక గుంటనక్క పొద చాటునుండి వెడలి పరుగిడెను.

మేస్త్రీ ఆశ్చర్యపడి, "పెద్దయ్యా! నేను ఇంజను చప్పుడు విని దాని రోగము చెప్పుదును. మీరు పిట్ట కూత విని ఈ నేల సంగతి చెప్పుచున్నారు. రెండును ఒకే విద్య" అనెను.

పిమ్మట వృద్ధుడు బాలుని ప్రశ్నకు బదులు చెప్పెను. చెట్లు నాటుట మంచిపనియే. కాని అన్ని నేలలకును అది తగదు. బట్టమేక పిట్ట చెట్టుపై గూడు కట్టదు. వట్టి నేలపై సాధారణముగ ఏడాదికి ఒకే గ్రుడ్డు పెట్టును. అది మీటరు ఎత్తున నిలిచి, బయలంతయు పరికించి, శత్రువును దూరముననే కనిపెట్టును. చెట్లు గుబురుగ పెరిగినచో దాని చూపునకు అడ్డు వచ్చును. గ్రుడ్లను తినెడి కాకులకు ఆ కొమ్మలే ఆసనములగును. కృష్ణజింకకును, భరతపక్షికిని గూడ బయలే ఇల్లు.

"తాతా! మరి ఆ పిట్ట ఎచట?" అని బాలుడు అడిగెను.

వృద్ధుడు కొంతసేపు పలుకలేదు. 1980 ప్రాంతములందు రోళ్ళపాడు దక్షిణాపథమున బట్టమేక పిట్టకు ముఖ్యమైన ఆశ్రయములలో ఒకటి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారు ఇచట మకాము చేసి దాని నడవడిని పరిశీలించిరి. పిదప చుట్టుపట్ల కాలువ నీరు పారెను, మేతబయళ్ళు దున్నబడెను, పైరులు మారెను, విద్యుత్తు తీగలు సాగెను. పిట్టలు ఏటేట తగ్గినవి. ఇటీవలి సంవత్సరములలో అది కంటబడుటయే అరుదు.

దూరమునగల విద్యుత్తు స్తంభములను చూపుచు వృద్ధుడిట్లు చెప్పెను: "దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండును. ఎదుట నున్న సన్నని తీగ దానికి చక్కగ ఆనదు. మగపిట్ట పదునైదు కిలోల వరకు తూగును. తీగను చూచినను అంత బరువైన పిట్ట చటుక్కున ప్రక్కకు తిరుగజాలదు."

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 2011లో ఈ పక్షిని అంతరించుటకు అతి చేరువలో నున్న జాతులలో చేర్చినది. నేడు మిగిలినవి నూటయేబదికి మించవని అంచనా. వానిలో పెక్కు రాజస్థాన్ ఎడారి ప్రాంతముననే యున్నవి. 2019 నుండి జైసల్మేరు చెంత గ్రుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచుచున్నారు. కాని పెరిగిన పిల్లలను విడుచుటకు బయళ్ళు ఉండవలెను గదా!

మధ్యాహ్నము కృష్ణజింకల మంద యొకటి శనగ చేనివైపు దుముకుచు పోయెను. బాలుడు చప్పట్లు చరచబోయెను. వృద్ధుడు మాత్రము నిట్టూర్చెను. "చూచువారికి అందము, విత్తినవారికి నష్టము. నా చేను ఒక ఏడు ఇవియే మేసినవి. ఆనాడు ఈ అభయారణ్యమును నేనును తిట్టితిని. రైతు నష్టము తీర్చక పిట్టను కాపాడుమన్న ఎవ్వరు విందురు? రైతు నేలపై మిడుతలను ఏరి తిను పిట్ట పోయిన రైతునకును నష్టమే. ఇరువురును బ్రతుకు దారి వెదకవలెను" అనెను.

సాయంకాలమయ్యెను. బట్టమేక పిట్ట కనబడలేదు. బాలుని కన్నులు చెమ్మగిల్లినవి. అప్పుడు వృద్ధుడు వానిని గడ్డిలో కూర్చుండబెట్టి పడమటి దిక్కు చూపెను. పిల్లిగద్దలు ఒకటొకటిగ, పిదప జట్లు జట్లుగ, గడ్డి తలలను తాకునట్లు ఎగురుచు వచ్చినవి. అవి మధ్య ఆసియాలోని కజకిస్థాన్ మొదలగు దేశముల పచ్చికబయళ్ళనుండి వేలకొలది కిలోమీటర్లు పయనించి శీతకాలమున మన దేశమునకు వచ్చును. పగలు మిడుతలను వేటాడి, రాత్రి చెట్లపై గాక గడ్డిలోనే నేలపై నిదురించును. చూచుచుండగనే అవి గడ్డిలో దిగి మాయమైనవి.

"అంతదూరమునుండి వచ్చు పక్షికి ఈ చోటు తెలిసినది. ఇచటివారమే దీనిని బీడందుము" అని వృద్ధుడు మెల్లగ పలికెను. మేస్త్రీ చేతులు జోడించి సెలవు గైకొనెను.

తిరుగుప్రయాణమున రైలులో బాలుడు తన నోటుపుస్తకము తెరచి, చూచిన పక్షుల పేర్లు వ్రాసెను: భరతపక్షి, తీతువు, పిల్లిగద్ద. కాని మొదటి పంక్తిని ఖాళీగ విడిచెను.

"అది ఏల విడిచితివి?" అని తండ్రి అడిగెను.

"అది బట్టమేక పిట్టకు, నాన్నగారూ. నేను చూడలేదు గాని, అది ఇంకను బ్రతికియున్నది గదా!" అని బాలుడు బదులు చెప్పెను.