మందు మీద మందు

ప్రశ్న: షుగర్ మాత్రలు వేసుకునేవారు మద్యం తాగితే ఏమవుతుంది?

జవాబు: అది ఏ రకం మాత్ర అన్నదాన్ని బట్టి ఉంటుంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి సల్ఫొనైల్ యూరియా మాత్రలతో ప్రమాదం ఎక్కువ. ఇవి క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. రక్తంలో గ్లూకోజు అప్పటికే తక్కువగా ఉన్నా వీటి పని ఆగదు. మామూలుగా గ్లూకోజు పడిపోతుంటే కాలేయం ఆదుకుంటుంది. ముందు తన దగ్గర నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను కరిగిస్తుంది, అది అయిపోయాక కొత్తగా గ్లూకోజు తయారుచేస్తుంది. ఒంట్లో మద్యం ఉన్నంతసేపూ ఈ రెండో పని కుంటుపడుతుంది. మాత్ర చక్కెరను కిందికి లాగుతుంటే, పైకెత్తాల్సిన కాలేయం చేతులెత్తేస్తుంది.

అన్నం మానేసి తాగేవారిలో నిల్వలు త్వరగా ఖాళీ అవుతాయి. చక్కెర పడిపోవడం తాగిన వెంటనే జరగాలని లేదు. అర్ధరాత్రి నిద్రలో జరగవచ్చు, మర్నాడు పొద్దున కూడా జరగవచ్చు. బీరులో, కల్లులో ఉన్న పిండిపదార్థాల వల్ల తాగిన కాసేపటికి గ్లూకోమీటర్ ఎక్కువే చూపిస్తుంది. అది చూసి ఇంకో మాత్ర వేసుకోవడం పెద్ద పొరపాటు.

చక్కెర పడిపోతే చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, మనిషి తూలుతాడు, చివరికి మగతలోకి జారుకుంటాడు. చూసేవారికి ఇదంతా తాగిన మత్తులాగే కనిపిస్తుంది. ‘దిగేదాకా పడుకోనివ్వండి’ అని ఇంట్లోవారు వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం వంటి మత్తుమందులు పలుమార్లు పట్టుబడ్డాయి. అలాంటి కల్లు తాగినవారిలో ఈ తేడా పోల్చుకోవడం మరీ కష్టం. వేలు గుచ్చి పరీక్ష చేయడం ఒక్కటే దారి. తెలుగులో ‘మందు వేసుకున్నారా?’ అన్న ప్రశ్నకు రెండర్థాలున్నాయి. ఆస్పత్రిలో రెండూ అడగాలి, రెండింటికీ నిజమే చెప్పాలి.

రీడింగ్ 70 కంటే తక్కువ ఉండి మనిషి స్పృహలో ఉంటే, 15 గ్రాముల గ్లూకోజు పొడి, అంటే దాదాపు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. వోగ్లిబోస్, అకార్బోస్ కలిసిన మాత్రలు వాడేవారికి పంచదార, బెల్లం వెంటనే పనిచేయవు, ఎందుకంటే వాటి అరుగుదలను ఆ మాత్రే అడ్డుకుంటుంది. వీరికి గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే భయం లేనట్టేనా?

జవాబు: అది ఒక్కటే వాడితే చక్కెర అతిగా పడిపోవడం అరుదు. దాని చిక్కు వేరే ఉంది. మెట్‌ఫార్మిన్, మద్యం రెండూ లాక్టేట్‌ను కాలేయం వాడుకోనివ్వవు. కిడ్నీ, కాలేయం దెబ్బతిన్నవారు అతిగా తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవచ్చు. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి దాని గుర్తులు. ఇది అరుదే గాని ప్రాణాంతకం. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు తిండి మాని తాగితే, చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోన్లు ప్రమాదకరంగా పెరగవచ్చు.

ఎంతవరకు పరవాలేదన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మగవారు రోజుకు రెండు, ఆడవారు ఒక డ్రింకు మించవద్దని అమెరికన్ డయాబెటిస్ సంఘం చెబుతుంది. అక్కడి లెక్కలో డ్రింకు అంటే సుమారు 14 గ్రాముల ఆల్కహాలు. ఇక్కడ 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో దాదాపు 20 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 40 గ్రాములు ఉంటాయి. బీరే కదా అన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

ప్రశ్న: వేరే జబ్బుల మందులతో ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఉంటుంది. ఫంగస్‌కు వాడే ఫ్లుకొనజోల్, యాంటీబయాటిక్‌లలో కోట్రిమాక్సజోల్, క్లారిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ సల్ఫొనైల్ యూరియాలతో కలిస్తే చక్కెర పడిపోవచ్చు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఆ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. ఉబ్బసానికి, కీళ్ల నొప్పులకు మింగే ప్రెడ్నిసొలోన్ చక్కెరను బాగా పెంచుతుంది. ప్రొప్రనొలోల్ వంటి బీపీ, గుండె మందులు చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను, వణుకును కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. వీరు దాన్నే హెచ్చరికగా తీసుకోవాలి.

వీటిలో కొన్నింటిని చీటీ లేకుండానే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవారు ఉన్నారు. గాటిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలను, ఇంజెక్షన్లను భారత ప్రభుత్వం 2011లో నిషేధించింది. అది చక్కెరను విపరీతంగా పెంచడమో దించడమో చేసేది. అదే కుటుంబానికి చెందిన లెవోఫ్లాక్సాసిన్ ఇప్పటికీ వాడుకలో ఉంది.