మూత్రం వెనక్కి పోతే?

సైకిలు ట్యూబుకు గాలి కొట్టి పంపు తీసేసినా గాలి బయటకు రాదు. ఎందుచేత? వాల్వు మీద తొడిగిన చిన్న రబ్బరు గొట్టాన్ని లోపలి గాలే అదిమిపట్టి దారి మూసివేస్తుంది. ఇలాంటి ఏర్పాటు మీ శరీరంలోనూ ఉంది.

మూత్రపిండాలలో తయారైన మూత్రం రెండు మూత్రనాళాల ద్వారా మూత్రాశయానికి చేరుతుంది. ఈ నాళాలు మూత్రాశయంలోకి తిన్నగా దిగవు. దాని గోడలో ఏటవాలుగా, సొరంగంలో వెళ్ళినట్లు కొంత దూరం వెళ్ళి లోపలికి తెరుచుకుంటాయి. మూత్రాశయం నిండేకొద్దీ లోపలి ఒత్తిడి నాళాన్ని అదిమి మూసివేస్తుంది. కనుక మూత్రం వెనక్కి పోలేదు.

కొందరు పిల్లలలో పుట్టుకతోనే ఈ సొరంగం పొట్టిగా ఉంటుంది. అప్పుడు నాళం సరిగా మూసుకోదు. మూత్రం మళ్ళీ పైకి ఎగదన్నుతుంది. మూత్రాశయంలో బాక్టీరియా ఉంటే అవి కూడా మూత్రపిండానికి చేరి, చలిజ్వరం తెప్పిస్తాయి. ఇది మాటిమాటికీ జరిగితే మూత్రపిండంలో మచ్చలు పడతాయి. మచ్చపడిన భాగం ఇక పనిచేయదు.

దీన్ని కనిపెట్టడమెలా? ఎక్స్-రేలో కనిపించే ద్రవంతో మూత్రాశయాన్ని నింపి, మూత్రవిసర్జన చేస్తుండగా చిత్రాలు తీస్తారు. ద్రవం ఎంత పైకి పోయిందో, నాళం ఎంత ఉబ్బిందో చూసి, దోషాన్ని 5 స్థాయిలుగా విభజిస్తారు.

అందరికీ ఆపరేషన్ అవసరమా? కాదు. పిల్లలు ఎదిగేకొద్దీ సొరంగమూ పొడవవుతుంది. స్వల్పదోషం చాలామందిలో దానంతటదే పోతుంది. మందులు వాడినా జ్వరం తిరగబెడుతుంటే, లేదా దోషం తీవ్రంగా ఉంటే శస్త్రచికిత్స ఆలోచిస్తారు.

సర్జన్లు కొత్త వాల్వు ఏదీ బిగించరు. నాళం చివరను విడదీసి, మూత్రాశయం లోపలి పొర కింద పొడవైన సొరంగం చేసి, అందులోనుంచి నాళాన్ని తెచ్చి కుడతారు. పొడవెంత? నాళం వెడల్పుకు 5 రెట్లు ఉండాలని 1959లో పాక్విన్ అనే వైద్యుడు సూచించాడు. నాళం వెడల్పు 6 మిల్లీమీటర్లయితే సొరంగం 30 మిల్లీమీటర్లన్నమాట! ఈ ఆపరేషన్ నూటికి 95 మందికి పైగా ఫలిస్తుంది.

1984లో డబ్లిన్ వైద్యులు ఓడొనెల్, పురి కోత లేని మార్గం చూపారు. మూత్రాశయంలోకి సన్నని దర్శిని పంపి, నాళం ముఖద్వారం కింద సూదితో టెఫ్లాన్ ముద్ద ఎక్కించారు. ఆ ఉబ్బు నాళానికి ఆసరాగా నిలిచి, మూత్రం వెనక్కి పోకుండా ఆపుతుంది. నేడు టెఫ్లాన్‌కు బదులు వేరే పదార్థాలు వాడుతున్నారు.

మూత్రంలో మంట, దానితో జ్వరం వస్తే సిగ్గుపడి దాచకండి. వెంటనే ఇంట్లో చెప్పండి. సకాలంలో చెప్పిన ఆ ఒక్కమాట మూత్రపిండాన్ని కాపాడవచ్చు.