సామాన్యధర్మములు – నిత్యవ్యవహారమున వాని ప్రామాణ్యము

ధర్మశాస్త్రగ్రంథములందు ధర్మము పలు విధములుగా విభజింపబడినది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు గ్రంథారంభముననే వర్ణధర్మము, ఆశ్రమధర్మము, వర్ణాశ్రమధర్మము, గుణధర్మము, నిమిత్తధర్మము, సాధారణధర్మము అని ఆరింటిని పేర్కొనెను. వీనిలో మొదటి ఐదును అధికారిని బట్టియో, సందర్భమును బట్టియో మారునవి. ఆరవదియగు సాధారణధర్మము మాత్రము చండాలపర్యంతము మనుష్యులందరికిని సమానమని అతడు చెప్పి, దానికి అహింసను ఉదాహరణముగా చూపెను. కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున వెలసిన ఈ వ్యాఖ్యను 13వ శతాబ్దిలో కేతన తెనిగించుటచే ఇది తెలుగువారికిని చిరపరిచితమైనది.

సామాన్యమనియు సాధారణమనియు వ్యవహరింపబడు ఈ ధర్మము నిత్యజీవనమున ఆచరణయోగ్యమా? లేక సర్వసంగపరిత్యాగులకు మాత్రమే తగిన ఆదర్శమా? గ్రంథములందు దీనిని శ్లాఘించుటయు, వ్యవహారమున దీనిని పక్కకు పెట్టుటయు లోకమున సమానముగా కానవచ్చుచున్నవి. ఈ ప్రశ్నకు శాస్త్రకారులు ఒసగిన సమాధానమును పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పరిగణనము

సామాన్యధర్మముల సంఖ్య గ్రంథమును బట్టి మారుచున్నది. మనుస్మృతి 10వ అధ్యాయమున అహింస, సత్యము, అస్తేయము, శౌచము, ఇంద్రియనిగ్రహము అను ఐదును నాలుగు వర్ణములకును సంగ్రహధర్మముగా చెప్పబడినవి. ఆ స్మృతియే 6వ అధ్యాయమున ధృతి, క్షమ మొదలుగా పది లక్షణములను నాలుగాశ్రమముల ద్విజులకు విధించినది. యాజ్ఞవల్క్యుడు పై ఐదింటికి దానము, దమము, దయ, క్షాంతి అనువానిని చేర్చి తొమ్మిదింటిని సర్వులకును ధర్మసాధనములనెను. కౌటిల్యుడు అర్థశాస్త్ర ప్రథమాధికరణమున వర్ణాశ్రమవృత్తులను వేర్వేరుగా చెప్పిన పిమ్మట అహింస, సత్యము, శౌచము, అనసూయ, ఆనృశంస్యము, క్షమ అను ఆరును అందరికిని చెందునవనెను. సర్వసాధారణముగా చెప్పబడిన ఈ మూడు పట్టికలందును అహింసాసత్యశౌచములు తప్పక కలవు. పన్నులు, దండనము, గూఢచారులు మున్నగువానిని చర్చించు రాజనీతిగ్రంథముకూడ వీనిని విడువకుండుట గమనింపదగినది. ఇవి అరణ్యవాసులకు మాత్రమే ఉద్దేశింపబడినవి కావని దీనివలన స్పష్టము.

గౌతమధర్మసూత్రము మరియొక మెట్టు ముందునకు పోయినది. దాని 8వ అధ్యాయమున 40 సంస్కారములు లెక్కింపబడినవి. వాని వెంటనే సర్వభూతదయ, క్షాంతి, అనసూయ, శౌచము, అనాయాసము, మంగళము, అకార్పణ్యము, అస్పృహ అను 8 ఆత్మగుణములు చెప్పబడినవి. సంస్కారములన్నియు జరిగియు ఈ గుణములు లేనివానికి బ్రహ్మసాయుజ్యము లేదనియు, సంస్కారములలో కొంతభాగమే జరిగినను ఈ గుణములు గలవానికి అది లభించుననియు సూత్రకారుని నిర్ణయము. కర్మకాండను విస్తరించి చెప్పిన గ్రంథమే కర్మకంటె గుణమునకు ప్రాధాన్యమొసగుట చిన్న విషయము కాదు.

సార్వభౌమత్వము

సామాన్యమనగా ఎట్టిదో మిక్కిలి నిశితముగా నిరూపించినది యోగశాస్త్రము. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను ఐదు యమములను పతంజలి 2.30 సూత్రమున చెప్పి, జాతి, దేశము, కాలము, సమయము అను నాలుగింటిచే హద్దులేర్పడనిచో అవి సార్వభౌమమైన మహావ్రతమగునని తరువాతి సూత్రమున చెప్పెను. వ్యాసభాష్యము ఈ హద్దులకు ఉదాహరణములు చూపినది. చేపలను తప్ప అన్యప్రాణిని చంపనను జాలరి నియమమునకు జాతి హద్దు. తీర్థమున చంపననుటకు దేశము హద్దు. చతుర్దశినాడు, పుణ్యదినమున చంపననుటకు కాలము హద్దు. దేవబ్రాహ్మణార్థము తప్ప చంపననుటకును, యుద్ధమున తప్ప చంపనను క్షత్రియుని నియమమునకును సమయము హద్దు. ఇక్కడ సమయమనగా వేళ కాదు. కట్టుబాటు, ఏర్పాటు అని అర్థము.

ఈ ఉదాహరణములలో ఏ ఒక్కడును అహింసను నిరాకరించినవాడు కాడు. ప్రతివాడును దానిని అంగీకరించినవాడే. కాని తనకొక మినహాయింపు కల్పించుకొనెను. ఆ మినహాయింపు ఎక్కడ ఏర్పడినదో చూడవలయును. జాలరి చేపలను మినహాయించెను గాని లేళ్లను కాదు. క్షత్రియుడు యుద్ధమును మినహాయించెను గాని సేద్యమును కాదు. ఎవని జీవనోపాధి ఎచ్చట నున్నదో అచ్చటనే వాని నియమమునకు హద్దు ఏర్పడినది. తనకు అక్కర లేనిచోట నియమమును పాటించుట సులభము. కావున సామాన్యధర్మమునకు నిజమైన పరీక్ష దేవాలయమున గాని పర్వదినమున గాని జరుగదు. జీవిక గడచుచోటనే జరుగును.

శంకాసమాధానములు

ఇచట ఒక శంక పొడమును. హద్దులు లేని వ్రతము యోగికి తగునుగాక, గృహస్థునకు ఎట్లు పొసగును? పొలము దున్నినను, పొయ్యి రగిల్చినను ప్రాణిహింస తప్పదు గదా! అసాధ్యమగు విధి విధియే కాదని మీమాంసకులు ఆక్షేపింపవచ్చును.

సమాధానము మనుస్మృతి 3వ అధ్యాయమున లభించును. గృహస్థుని ఇంట పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అను ఐదును హింసాస్థానములని, వీనికి పంచసూనలని పేరని అందు చెప్పబడినది. ఈ ఐదింటివలని దోషమునకు నిష్కృతిగా ప్రతిదినమును పంచమహాయజ్ఞములు విధింపబడినవి. తప్పనిసరియైన హింసను శాస్త్రము నిషేధింపలేదు; అట్లని దానిని అహింస అనియు అనలేదు. దోషమును దోషమనియే పేర్కొని, దానికి అనుదినము చెల్లింపవలసిన ఋణమును నిర్ణయించినది.

సత్యవిషయమునను ఇదియే మార్గము. నిజము చెప్పినచో ఒకనికి ప్రాణహాని కలుగునను పట్టున సాక్షి అసత్యమాడవచ్చునని మనుస్మృతి 8వ అధ్యాయమునను, యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమునను కలదు. అట్లు అనుమతించిన వెంటనే సరస్వతీదేవతాకమగు చరుహోమము ప్రాయశ్చిత్తముగా విధింపబడినది. ప్రాణరక్షణకై ఆడిన అసత్యముకూడ వాగ్దేవతకు జవాబు చెప్పుకొనవలసినదే. మహాభారతమున యుధిష్ఠిరుడు అశ్వత్థామ విషయమున ద్రోణునితో ఆడిన మాటవలన, అంతవరకు నేలను తాకని ఆతని రథము నేలను తాకినది. కర్ణపర్వమున కౌశికుడను తపస్వి దొంగలకు నిజము చెప్పి, దాగియున్నవారి మరణమునకు కారకుడై నరకమును పొందినట్లు శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పెను. ఈ రెండు కథలును పరస్పరవిరుద్ధములు కావు. అసత్యమునకు మూల్యము కలదు. హింసించు సత్యమునకును మూల్యము కలదు. ఏది చేసినను దాని మూల్యమును చేసినవాడే వహింపవలయును.

ఆరణ్యపర్వమునందలి ధర్మవ్యాధోపాఖ్యానమును ఈ దృష్టితో చదువదగును. తెలుగుభారతమున ఇది ఎఱ్ఱన పూరించిన భాగమునందున్నది. మిథిలలో మాంసము విక్రయించు వ్యాధుని వద్దకు వేరొక కౌశికుడు ధర్మమును తెలిసికొనుటకు పోయెను. వ్యాధుడు తాను స్వయముగా చంపననియు, పరులు చంపినదానిని అమ్ముదుననియు చెప్పెను. అంతమాత్రమున తన వృత్తి నిర్దోషమని అతడు వాదింపలేదు. అది ఘోరమైనదని ఒప్పుకొనెను. ఆ ఒప్పుదలయే అతనిని ధర్మోపదేశమునకు అర్హుని చేసినది.

పై ప్రమాణములవలన తేలు సిద్ధాంతమిది: నిత్యజీవనమున సామాన్యధర్మమునకు లోపము కలుగుట శాస్త్రకారులకు తెలియనిది కాదు, కాని లోపమును ధర్మమని పిలుచుటను వారు అంగీకరింపరు. యోగసూత్రము 2.34 హింసాదులను లోభక్రోధమోహపూర్వకములని మూడు విధములుగా చెప్పినది. మాంసచర్మములకై చేసినది లోభముచే, వీడు నాకు అపకారము చేసెనని చేసినది క్రోధముచే, దీనివలన నాకు ధర్మము కలుగునని చేసినది మోహముచే అని భాష్యము. లోభక్రోధములచే తప్పు చేసినవానికి పశ్చాత్తాపమునకు తావున్నది. తప్పునే ధర్మమని నమ్మినవానికి ఆ తావును లేదు.

అధ్యాపకవృత్తియందు

ఈ విచారమును అధ్యాపకవృత్తికి అన్వయింపవచ్చును. సత్యవాక్కు వంచనతో కూడినదిగాని, భ్రాంతితో కూడినదిగాని, ప్రతిపత్తివంధ్యముగాని కారాదని వ్యాసభాష్యము. ప్రతిపత్తివంధ్యమనగా వినువానికి బోధ కలిగింపనిది. వినువానికి తెలియని భాషలో పలికిన మాటను వాచస్పతిమిశ్రుడు దీనికి ఉదాహరణముగా చూపెను. విద్యార్థి వేసిన ప్రశ్నకు సమాధానము తెలియక, దీర్ఘసమాసములతో ప్రసంగించి దానిని దాటవేసిన అధ్యాపకుడు అబద్ధమాడలేదని అనుకొనవచ్చును. భాష్యదృష్టిలో అతడు సత్యవ్రతమును తప్పినవాడే. ఈ పాఠము రేపు చూచి చెప్పుదునని పలికిన పండితుడు దానిని నిలుపుకొన్నవాడు.

అస్తేయమనగా పరద్రవ్యమును అపహరింపకుండుట మాత్రమే కాదు. దానియందు స్పృహ లేకుండుటయు అని భాష్యము. పూర్వుల నిర్ణయమును వారి పేరు చెప్పక తనదిగా సిద్ధాంతవ్యాసమున చేర్చుకొనుట అస్తేయభంగము. విద్వత్తు ద్రవ్యము కాదను సమాధానము ఇచట చెల్లదు; అది జాలరి చేపలకు చెప్పిన సమాధానము వంటిదే. హింసాదులు చేయుటయే గాక, చేయించుటయు, ఆమోదించుటయు దోషమే యని పై సూత్రముననే కలదు. పరీక్షాశాలలో చూచివ్రాతను చూడనట్లు నటించుట, విద్యార్థి భవిష్యత్తను పేర అనర్హునకు యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చుట, రానిదినమున వచ్చినట్లు పట్టికలో సంతకము చేసిన సహోద్యోగిని చూచి ఊరకుండుట ఈ మూడవ కోటిలో చేరును. వీనిలో ఒక్కొక్కదానికిని దయ, మైత్రి, లోకరీతి అను మంచి పేర్లున్నవి. ఆ పేర్లే మోహమునకు ఆశ్రయములు.

గ్రంథస్థవైషమ్యము

ఈ న్యాయమును ఇతరుల ఆచరణకు వర్తింపజేయుచు శాస్త్రగ్రంథములకు వర్తింపజేయకుండుట ఉచితము కాదు. 8వ అధ్యాయమున సర్వభూతదయను చెప్పిన గౌతమసూత్రమే 12వ అధ్యాయమున వర్ణభేదమును బట్టి దండభేదమును చెప్పినది. వేదమును విన్న శూద్రునకు క్రూరదండనమును విధించినది. అహింసను నాలుగు వర్ణములకును చెప్పిన మనుస్మృతియందును ఇట్టి వైషమ్యము కలదు. విశేషవిధి సామాన్యవిధిని బాధించునను న్యాయముచే దీనిని సమర్థించుట కద్దు. ఆ న్యాయము ఏ సమిధను వాడవలయును, ఏ ద్రవ్యమును హోమము చేయవలయును అను విషయములందు యుక్తమే. కాని జాతిచేతను, సమయముచేతను ఏర్పడిన హద్దు మహావ్రతమునకు భంగమని యోగశాస్త్రము చెప్పుచుండగా, జాతిని బట్టి దయకు హద్దు పెట్టిన వాక్యమును ఆ న్యాయముతో కాపాడుట తగదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 14వ అధికరణమున చట్టము ముందు సమానత్వమును చెప్పి, 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. సాధారణధర్మము చండాలపర్యంతమని మితాక్షర చెప్పిన మాటకు శాసనబలము చేకూరినది ఇట్లే యనవచ్చును. ఆ గ్రంథములను బోధించువారు వానియందలి ఆత్మగుణములను చెప్పి దండభేదమును మరుగుపరచినచో, అదియు ప్రతిపత్తివంధ్యమైన సత్యమే యగును.

ఉపసంహారము

సామాన్యధర్మము సులభమగుటచే సామాన్యము కాలేదు. ఎవ్వరిని మినహాయింపకుండుటచే సామాన్యమైనది. దానిని పూర్ణముగా పాటించుట గృహస్థునకు దుష్కరము. కాని తాను ఎచ్చట హద్దు గీచుకొనెనో ఎరుగుట, ఆ హద్దును ధర్మమని పేర్కొనకుండుట, దానికి తగిన నిష్కృతిని అనుదినము చేసికొనుట ఎల్లరకును సాధ్యములు. పొయ్యి రాజేయక ఇల్లు గడువదు; రాజేసిన పిదప అతిథికి, భూతములకు అన్నములో భాగమీయక భుజింపరాదని స్మృతుల ఆజ్ఞ. నిత్యజీవనమున సామాన్యధర్మమునకు గల ప్రామాణ్యము ఈ క్రమమునందే ఇమిడియున్నది.