సముద్రం పాలు

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో పుట్టి పెరిగిన మనకు సముద్రమనగానే మొదట చెరువు గుర్తుకు రావడంలో వింత లేదు. పెద్ద చెరువు తవ్వించిన ప్రభువులు దానికి సముద్రమనో సాగరమనో పేరు పెట్టుకొన్నారు. ఆ పేర్లే తరువాత ఊళ్ళకు నిలిచిపోయినవి. రామసముద్రం, కోనసముద్రం, కేసముద్రం వంటి పేర్లు వింటూ పెరిగిన వారికి కెరటాలు లేని సముద్రమే పరిచయమైన సముద్రం. ఇక మన కళాశాలలో ఎందరో ఇంట మాట్లాడే ఉర్దూలో ‘దరియా’ అంటే నది. ఆ మాట పుట్టిన ఫారసీలో దరియా అంటే సముద్రం. నదిని, సముద్రాన్ని ఒకే మాట మోయడం భాషలోని అజాగ్రత్త అని నేను విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో అనుకొనేవాడిని. అంతర్వేది చూసి వచ్చిన తరువాత అంత ధీమాగా అనలేకున్నాను.

గత జనవరిలో డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థులు ఇరవై ఇద్దరితో, మరి ఇద్దరు సహాధ్యాపకులతో కలిసి ఆ యాత్ర చేశాము. సముద్రమే చూపదలిస్తే విశాఖపట్నం ఉన్నది గదా, రైలు, పడవ, బస్సు మారి అంత మారుమూలకు పోవడమెందుకని కమిటీ పెద్దలలో ఒకరు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. విశాఖలో కనిపించేది సముద్రం. అంతర్వేదిలో కనిపించేది మన గోదావరి సముద్రమైపోవడం. ఈ సమాధానం విన్న తరువాత వారు అనుమతించినందుకు కృతజ్ఞతలు.

నాసిక్ సమీపాన త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నదిని మనం నడుమ దారిలో మాత్రమే ఎరుగుదుము. బాసరలో, పోచంపాడులో, ధర్మపురిలో, మంథనిలో చూస్తాము. మన కరీంనగర్ పక్కన పారే మానేరు మంథని దిగువన దానిలో కలుస్తుంది. ఆదిలాబాద్ అడవుల నుండి కడెం వస్తుంది. ఉత్తరపు సరిహద్దున పారే పెన్‌గంగ, వార్ధా నీళ్ళను వెంటబెట్టుకొని ప్రాణహిత కాళేశ్వరం వద్ద కలుస్తుంది. ఆ తరువాతి కథను మనం పట్టించుకోము. ధవళేశ్వరం దాటగానే నది పాయలుగా చీలుతుంది. వాటిలో పడమటి పాయ వశిష్ఠ. అది సముద్రాన్ని చేరే చోటు అంతర్వేది. నరసింహ శతకం రచించిన శేషప్ప కవి మన ధర్మపురి వాడు. ఆయన కొలిచిన ధర్మపురి నరసింహుడు ఏ నది ఒడ్డున ఉన్నాడో, ఆ నది చివరి మలుపులోనూ నరసింహాలయమే ఉన్నది. కాకతాళీయమో, పూర్వుల ఆలోచనో గాని, మా విద్యార్థులలో ధర్మపురి నుండి వచ్చిన ఒక అబ్బాయి ఆ గాలిగోపురం చూడగానే సొంత ఊరు వచ్చినంత సంబరపడ్డాడు.

రైలుమార్గం నరసాపురంతో ముగుస్తుంది. అక్కడి రేవులో పంటు ఎక్కి వశిష్ఠను దాటి సఖినేటిపల్లి ఒడ్డుకు చేరాము. మోటారు సైకిళ్ళు, కొబ్బరి బోండాల బస్తాలు, పెళ్ళివారు, మేము, అందరమూ ఒకే పంటు మీద. మండు వేసవిలో రాళ్ళు తేలే ధర్మపురి గోదావరిని చూసిన పిల్లలు ఈ వెడల్పు చూసి నోరు తెరిచారు. “సార్, ఇదే సముద్రమా?” అని ఒక అమ్మాయి అడిగింది. పక్కనున్న పెద్దావిడ నవ్వి, “ఇంకా గోదారేనమ్మా. సంద్రం దగ్గరికెళ్తే అదే చెబుతుందిలే” అన్నది. మన వైపు ‘సారు’ అనే చోట అక్కడ అందరూ నన్ను ‘మాస్టారు’ అని పిలిచారు. రెండు మాటలూ పరాయి భాష నుండి వచ్చినవే అయినా ఆ పిలుపు నా చెవికి ఇంపుగా తోచింది.

అంతర్వేది అన్న పేరుకు స్థల పురాణం బ్రహ్మ యజ్ఞ వేదికతో సంబంధం చెబుతుంది. సంస్కృతంలో ఈ మాటకు రెండు నదుల నడుమ నేల అనే అర్థం కూడా ఉన్నది. గంగా యమునల మధ్య దేశాన్ని పూర్వులు అంతర్వేది అన్నారు. దానినే ఫారసీలో దోఆబ్ అంటారు. ఇక్కడ ఒక పక్క నది, మరొక పక్క సముద్రం. రెండు నీళ్ళ నడుమ నేల అన్న అర్థం చక్కగా అమరుతుంది.

ఆలయ వీథి దాటి, కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు, సరుగుడు తోపులు దాటితే తీరం. మనవారు సినిమాలలో చూసి ఊహించుకొన్న తెల్లని ఇసుక అది కాదు. బూడిద రంగు ఇసుక, అక్కడక్కడ నల్లని చారలు. భౌతికశాస్త్రాధ్యాపకులు వెంట తెచ్చిన అయస్కాంతాన్ని ఆ చారలలో తిప్పితే నల్లని రేణువులు మీసాల వలె అంటుకొన్నవి. తూర్పు కనుమల రాళ్ళు అరిగి, నదుల వెంట వచ్చిన బరువైన ఖనిజ రేణువులు ఇవి. అల తేలిక ఇసుకను లాగుకొనిపోగా బరువైనవి వెనుక మిగిలి చారలుగా పేరుకొంటాయి. నీరు తీసిన చోట ఎర్రని పీతలు గుంపులుగా పరుగెత్తి, అడుగు చప్పుడుకు బొరియలలో మాయమైనవి. నది మలుపులో బురద నేలపై మడ అడవి. నీరు నిలిచే బురదలో ఊపిరాడక ఆ చెట్లు వేళ్ళను పైకి పంపి గాలి పీల్చుకొంటాయని పుస్తకంలో చదివిన వృక్షశాస్త్ర విద్యార్థులు, మేకులు పాతినట్లు నిలిచిన ఆ వేళ్ళను తాకి చూశారు. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు అది పురిటిల్లు. నవంబరు 1996లో కోనసీమను తుపాను ఊచకోత కోసిన సంగతి అక్కడి పెద్దలు ఇప్పటికీ నిన్నటి వలె చెబుతారు. గాలికి, కెరటానికి మొదట అడ్డునిలిచేవి ఈ చెట్లే.

నది సముద్రంలో కలిసే ఇసుక తిన్నెను స్థానికులు అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఒక వైపు గోదావరి, ఒక వైపు సముద్రం. నడుమ గీత గీసినట్లు రంగు మారుతుంది. విద్యార్థులు ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. నది మోసుకొచ్చిన సన్నని బంకమట్టి మంచినీటిలో విడివిడిగా తేలుతుంది. ఉప్పునీరు తగలగానే ఆ రేణువులు ఒకదానినొకటి పట్టుకొని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. ఇసుకను కెరటాలు తీరం వెంట ఈడ్చి తిన్నెలు కడతాయి. ఇట్లా కొన్ని వేల ఏళ్ళుగా నది తాను పారడానికి తానే నేల పోసుకొంటూ సముద్రాన్ని వెనుకకు నెట్టింది. కోనసీమ అంతా ఆ విధంగా పుట్టినదే. ఆదిలాబాద్ నల్లరేగడి, మానేరు ఇసుక, మహారాష్ట్ర మట్టి, అన్నీ ఆ నేలలో ఉన్నాయి. మన వాన కడిగిన మట్టి మీద అక్కడ కొబ్బరిచెట్టు నిలిచి ఉన్నది.

అయితే ఇట్లా పోసిన నేల రాతినేల వంటిది కాదు. తన బరువుకు తానే అణగి కుంగుతూ ఉంటుంది. ఏటేటా కొత్త మట్టి వచ్చి పడుతుంటేనే అది నీటిపైన నిలుస్తుంది.

గట్టు మీద వల బాగుచేసుకొంటున్న ఒక వృద్ధ జాలరిని మా పిల్లలు చుట్టుముట్టారు. మీ ఇల్లెక్కడ అని అడిగితే ఆయన కెరటాల వైపు చేయి చూపాడు. హాస్యమనుకొని పిల్లలు నవ్వారు.

“నవ్వుతాలు కాదండి. నా పెళ్ళప్పటి ఇల్లు అదిగో, ఆ నురగ కనబడతందే, అక్కడుండేదండి. దాని ముందు తోపు, దాని ముందు వలలారేసే దిబ్బ. రెండిళ్ళు మారేమండి. ఏ ఊరండి మీది?”

చెప్పాము.

“గోదారి ఎగువ ఊరా! అయితే మీకు తెలియాలండి. నీళ్ళు వస్తానే ఉన్నాయి, వరదొస్తే లంకలు ముంచేసేంత వస్తన్నాయి. మట్టే రావట్లేదండి. ఎక్కడ ఆగిపోతందో మరి.”

వరద మాట రాగానే మా వారికి జూలై 2022 గుర్తుకు వచ్చింది. కడెం ప్రాజెక్టు తెగుతుందేమోనని ఆ రాత్రి దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. కడెం వైపు నుండి వచ్చిన విద్యార్థి ఒకడు ఆ రాత్రి బడిలో తలదాచుకొన్నవాడే. నీరు దిగిపోయింది, గండం గడిచిందని ఇంటికి పోయారు. ఆ నీరే రెండు మూడు రోజులలో ఈ ముసలాయన గడప తొక్కిందని వాడికి అప్పటివరకు తోచలేదు.

మట్టి ఎక్కడ ఆగిందన్న ప్రశ్నకు మాత్రం నా వద్ద జవాబు ఉన్నది. చెప్పడానికి నోరు రాలేదు. 1963లో పునాదిరాయి పడిన పోచంపాడు ప్రాజెక్టు, నేటి శ్రీరాంసాగర్, నిలువ సామర్థ్యం తొలి లెక్కలో 112 టి.ఎం.సి.లు. పూడిక కొలిచిన ప్రతిసారి అది తగ్గుతూ 90కి, ఇటీవల 80.5కు వచ్చింది. అనగా ముప్పై టి.ఎం.సి.లకు పైగా చోటును మట్టి ఆక్రమించుకొన్నది. మనకది ‘పూడిక’, ఒక నష్టం. ఆ ముసలాయనకు అది ఇంటి స్థలం. శ్రీరాంసాగర్ ఒక్కటే దోషి కాదు; ఎగువన మహారాష్ట్రలో జాయక్‌వాడీ ఉన్నది, ఉపనదుల మీద చిన్నా పెద్దా ఆనకట్టలు ఎన్నో ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, గోదావరి మోసే మట్టి 1970ల నాటితో పోలిస్తే 1990ల నాటికి సగానికంటె తక్కువకు పడిపోయింది. 1976–2001 మధ్య డెల్టా అంచున సముద్రం పట్టుకొనిపోయిన నేల, కొత్తగా వేసిన నేల తీసివేయగా, సుమారు 18 చదరపు కిలోమీటర్లు. ఆపై సముద్రమట్టమే పెరుగుతున్నది.

ఆనకట్టలను తిట్టి ఈ వ్యాసం ముగించడం నాకు తేలిక పని కాదు. మా నాన్నగారిది మెట్ట వ్యవసాయం. బావి ఎండిన ఏడు ఆయన బొంబాయి పోయి కూలి చేశారు. నేను ఆయన ముఖం ఏడాదికొకసారి చూసిన రోజులున్నాయి. కాకతీయ కాలువ నీళ్ళు మా పొలానికి వచ్చిన తరువాత ఆయన మళ్ళీ పోలేదు. ఆ వరి అమ్మిన డబ్బుతోనే నేను ఎం.ఏ. చదివాను. ఆ కాలువ రాకపోతే నేను ఈనాడు గట్టు మీద నిలబడి ఆ జాలరి మాట వినేవాడినే కాదు.

అందువల్ల నా తప్పు నేను చెప్పుకోగలిగినది ఒక మాట విషయంలోనే. అది నా వృత్తికి చెందిన మాట. ‘వృథాగా సముద్రం పాలవుతున్న గోదావరి జలాలు’ అని పత్రికలు రాస్తాయి, సభలలో వక్తలు పలుకుతారు. నీటి వనరుల మీద వ్యాసం రాయమంటే ప్రతి విద్యార్థీ ఈ వాక్యం రాస్తాడు. అది నిండైన వాక్యమని నేనే మార్కులు వేశాను. ఆ నీరు సముద్రం చేరేలోగా చేసే పనిని నేనెన్నడూ లెక్కపెట్టలేదు. అది ఉప్పును వెనుకకు నెట్టి తీరపు బావులను, చేలను కాపాడుతుంది. వరద ఎర్రనీరు సముద్రంలో విరజిమ్మగానే ఆ వాసనకు ఏటికెదురీది వచ్చే పులస చేపకు అదే కబురు. మడ అడవికి మేత, తీరానికి మట్టి. పొదుపు చేయవద్దని నేననను. పొదుపుకు, ‘వృథా’ అన్న మాటకు చాలా దూరమున్నది.

‘పాలు’ అన్న మాటనే చూడండి. నిఘంటువు తెరిస్తే మొదటి అర్థం వంతు, భాగం. పొలం పాలుకిస్తాము. ఒకే వంశం వారిని మన పల్లెలలో పాలోళ్ళు అంటాము. చావుకు, పెళ్ళికి వారు లేనిదే పని సాగదు. ఆ అర్థంలో సముద్రం పాలు అంటే సముద్రానికి రావలసిన వంతు. వాడగా వాడగా అది పోగొట్టుకొన్న దానికి పేరైపోయింది. చైనాలో పసుపు నది మీద ఆనకట్టల నుండి 2002 మొదలుకొని దాదాపు ఏటా ఒక పద్ధతి ప్రకారం నీటి ఉరవడితో పూడికను దిగువకు తోలుతున్నారు. ఎండుతూ కుంచించుకుపోతున్న ఆ నది ముఖద్వారం కొంత తేరుకొన్నది. మన ప్రాజెక్టులలో అది ఎంతవరకు సాధ్యమో ఇంజనీర్లు చెప్పవలసిన సంగతి. మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులలో ఒకరైనా ఆ చదువు వైపు పోతే బాగుండునని నా ఆశ.

తిరుగు పంటు ఎక్కేసరికి పొద్దు వాలింది. పిల్లలు గవ్వలు ఏరుకొన్నారు, పాటలు పాడారు, ఒకరిద్దరు పంటు కదలికకు కడుపు తిప్పి మూల కూర్చున్నారు. ధర్మపురి అబ్బాయి మాత్రం నీటి వైపే చూస్తూ, “సార్, మా గంగలో మేమిడిచిన దీపం ఇక్కడిదాకా వస్తదా?” అని అడిగాడు. దీపం రాదు, ఆరిపోతుంది. అది పెట్టిన ఆకుదొప్పె కుళ్ళి మట్టిలో కలిసి ఎప్పటికో వస్తుందేమో అన్నాను. పోచంపాడు వారి ఊరికి ఎగువనే గదా అని వాడే లెక్క వేసుకొని, దిగువన ఇప్పుడెన్ని ఆనకట్టలున్నవో వేళ్ళమీద ఎంచడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి పరీక్షలో యథాప్రకారం నీటి వనరుల మీద వ్యాసం ఇచ్చాను. అరవై మూడు జవాబు పత్రాలలో నలభైకి పైగా ఆ పాత వాక్యమే ఉన్నది. యాత్రకు వచ్చినవారిలోనూ ఐదుగురు రాశారు. మార్కులు తగ్గించలేదు, ఆ వాక్యం నేర్పినవాడిని నేనే. ప్రతి పత్రంలో దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ‘ఎవరి పాలు?’ అని రాసి తిరిగి ఇచ్చాను.